దుప్పటి వెనక రెండు గిటార్లు

“ఆ పువ్వుల దుప్పటి వద్దమ్మా. పల్చగా ఉంది, అవతల నీడలు కనపడతాయి,” అన్నాడు బాబు.

తల్లి స్టూలెక్కి, దుప్పటి ఒక కొసను పళ్లతో పట్టుకుని, రెండో కొసను కిటికీ మేకుకు ముడేస్తోంది. పళ్లు విప్పకుండానే ఏదో అంది.

“ఏంటీ?”

కొస వదిలింది. “వీపు తిప్పి కూచునే మనిషికి నీడలెక్కడ కనపడతాయిరా అంటున్నా. పోనీ, నీ గిటారుకి నీడలో కూడా సిగ్గేస్తుందా?”

“ఎప్పుడూ అక్క పక్కే.”

“నేను స్టూలు మీదున్నాను. ఎవరి పక్కా లేను. జారితే పట్టుకో.”

నాలుగు రోజులుగా ఆ ఇంట్లో అందరూ ఒక గదిలో కూచోలేదు. తండ్రి, గిటార్లు చేసే మేస్త్రి, పెట్టిన షరతు అలాంటిది. కొడుకు చేసిన గిటారు ఒకటి, కూతురు చేసిన గిటారు ఒకటి. చాటున, కచేరీలు చేసే గిటారు మాస్టారు ఒకే పాటని రెండింటి మీదా వాయిస్తాడు. మేస్త్రి ఏది మెచ్చుకుంటే దాన్ని చేసినవాళ్ల చేతికి పెరట్లో పని షెడ్డు తాళాలు. రెండోవాళ్లు ఆ పూట నుంచే షెడ్డు గడప తొక్కకూడదు.

ఓడితే బాబుకి పోయేదేం లేదు. రెండు దుకాణాలు రమ్మంటున్నాయి. భార్య వైపువాళ్లు ఫర్నిచర్ కంపెనీలో ఉద్యోగం చూపిస్తున్నారు. చిట్టికి మాత్రం ఆ షెడ్డు తప్ప ఇంకో చోటు లేదు.

నలభై రెండేళ్లొచ్చినా ఇంట్లో అందరికీ ఆమె చిట్టే. పద్దెనిమిదో ఏట తండ్రికి జిగురు కలిపిపెడదామని వెళ్లి ఆ బల్ల దగ్గరే ఉండిపోయింది. పెళ్లి మాట వచ్చినప్పుడల్లా ఏదో ఒక గిటారు సగంలో ఉండేది. తర్వాత ఆ మాటలు రావడం మానేశాయి. గిటార్లు మానలేదు.

తల్లి స్టూలు దిగి పెరట్లోకొచ్చేసరికి చిట్టి షెడ్డులో కొత్త పైపలకని పట్టుకుని నిలబడి ఉంది. అది మాస్టారు కొత్తగా చేయించుకుంటున్న గిటారుది. లోపలి వైపు సన్నటి బద్దలు విసనకర్ర పుల్లల్లా అతికించి ఉన్నాయి. తీగల బిగువుకి పలక ఉబ్బిపోకుండా పట్టి ఉంచేవి ఆ బద్దలే. వాటిని ఎంత మందంలో వదలాలి, ఎంత చెక్కాలి అన్నదాన్ని బట్టే గిటారు పలుకుతుంది.

“అతుకు బిగించిన క్లాంపులు ఎవరు తీశారు?” అంది చిట్టి.

“నేనే,” అన్నాడు వెనకే వచ్చిన బాబు.

“నిన్న సాయంత్రమేగా బద్దలు అతికించావు. రోజన్నా నిండలేదు.”

“కొత్త మిషను బల్లకి కావాల్సొచ్చాయి.”

చిట్టి పక్కకి చూసింది. షెడ్డు మూల, తన బల్లని గోడకి జరిపేసి, ఇనుప కాళ్ల బల్ల ఒకటి నిలబెట్టి ఉంది. పందెం ఇంకా మొదలే కాలేదు.

ఆమె పలకని అంచు దగ్గర రెండు వేళ్లతో పట్టుకుని, చెవి దగ్గరకి తెచ్చి, ఎడమచేతి బొటనవేలి కణుపుతో తట్టింది. పలక ఖంగుమంది. ఆ మోత అణిగిపోతుంటే చివర్లో సన్నగా, అద్దం మీద ఈగ కొట్టుకున్నట్టు, జుయ్యిమంది. ఇంకోసారి తట్టింది. మళ్లీ ఈగ. చివరి బద్ద కొస అతుక్కోలేదు. కంటికేం కనపడదు. తీగలు బిగించిన ఆరు నెలలకి లేచిపోతుంది.

“ఏంటే ఆ చప్పుడు?” అంది తల్లి గుమ్మంలోంచి. నలభై ఆరేళ్లుగా ఆ షెడ్డు పక్కనే వంట చేసిన మనిషి.

చిట్టి చెప్పబోయింది. ఇంతలో ముందు తలుపు దగ్గర మాస్టారి గొంతు వినపడింది.

*

మేస్త్రి కుర్చీలో దుప్పటికి వీపు పెట్టి, ఇంటివాళ్లకి ఎదురుగా కూచున్నాడు. ఇస్త్రీ చొక్కా. గోళ్ల సందుల్లో మాత్రం ఎప్పటిలా జిగురు.

“మొహాలు చూసి కనిపెట్టానంటారు మళ్లీ. అందరూ నేల చూడండి,” అన్నాడు.

“మావయ్యగారు మొహాలు చూస్తారా! ఆయన చెవులు చాలవూ,” అంది బాబు భార్య, చిట్టి మరదలు. బాబు ఆమె మోచెయ్యి నొక్కాడు.

మాస్టారు తన పాత గిటారుని గోడకి ఆనించి దుప్పటి అవతలికి వెళ్లాడు. రెండేళ్ల కిందట మేస్త్రి చేసిచ్చిన గిటారది. కచేరీల్లో దాన్ని చూసే ఈ ఇంటి పేరు నలుగురికీ తెలిసింది.

మొదటి గిటారు మొదలైంది.

నాలుగు మీట్లకే చిట్టికి తెలిసిపోయింది. బాబుది. బొజ్జ లోతు మామూలు కంటే రెండు వేళ్లు ఎక్కువ. వెనకా పక్కలా ప్లైవుడ్డు, దాని మీద మందపాటి పాలిష్. లావు తీగలు డ్రమ్ములో రాయి పడ్డట్టు మోగుతున్నాయి. సన్న తీగలు మీటిన చోటే చచ్చిపోతున్నాయి. పాట సగం నేల కిందే ఉండిపోయింది.

రెండోది వచ్చింది. చిట్టి నేలనే చూస్తూ కూచుంది. నడుము సన్నంగా, పలక అంచులు గోరు మందానికి తెచ్చి, ఒక్కో బద్దనీ పదిసార్లు తట్టి తట్టి చెక్కిన గిటారు. లావు తీగలు తగ్గి మాట్లాడాయి. పాట పైకి వెళ్లే చోట సన్న తీగ ఒక్కటే నిలబడి, వేలు తీసేశాక కూడా కాసేపు గదిలోనే తిరిగింది. మరదలి చేతిలో విసనకర్ర దానంతటదే ఆగిపోయింది.

పాట అయిపోయింది.

“మొదటిది,” అన్నాడు మేస్త్రి.



“ఇంకోసారి వాయించమంటారా మేస్త్రిగారూ?” దుప్పటి వెనక నుంచి మాస్టారు నెమ్మదిగా అడిగాడు.

“ఎందుకూ? మొదటిదానికి కండ ఉంది. రెండోది గోనెసంచిలోంచి మాట్లాడినట్టుంది. పాట మధ్యలో పైకెళ్లేచోట అసలు మనిషే లేడు. ఎవరు చేశారోగానీ, చెక్కీ చెక్కీ ప్రాణం తీశారు.” చిట్టి వైపు చూశాడు. “ఎవరు చేశారో నాకు తెలీదనుకుంటున్నారా? పుర్రచెయ్యి పని అలాగే ఉంటుంది. ఇరవై నాలుగేళ్లు నేర్పాను. గోడకి నేర్పినా ఈపాటికి ఓ పీట చేసి ఇచ్చేది.”

చిట్టి లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

*

బాబు వెనకే వచ్చాడు. కుండలోంచి నీళ్లు ముంచుకుని తాపీగా తాగాడు.

“ఏడుస్తున్నావేమో అనుకున్నా.”

“నీ గిటారు నీకు నచ్చిందా?” అంది చిట్టి.

“నాకు నచ్చక్కర్లేదు కదా. నాన్నకి నచ్చాలి.” గ్లాసు బోర్లించాడు. “నువ్వు మాస్టారి కోసం చేశావక్కా. నేను నాన్నకి ఏది వినపడుతుందో అది చేశాను.”

చిట్టి అతని మొహంలోకి చూసింది.

“నీకు తెలుసా?”

“ఇంట్లో ఎవరికి తెలీదు? అమ్మ రెండేళ్ల నుంచి ఆయనతో ఎలా మాట్లాడుతోంది, బావిలోకి అరిచినట్టు! కుక్కర్ పక్కనే కూచుని విజిల్ వచ్చిందా అని అడుగుతాడు. నలభై ఏళ్లు రంపం మిషను పక్కన నిలబడ్డ చెవులు. సన్నవేవీ వినపడవు, లావువే వినపడతాయి.”

“తెలిసే ఈ పందెం ఒప్పుకున్నావు.”

“నువ్వూ తెలిసే ఒప్పుకున్నావు. చూశావా మరి, నీకెంత పొగరో. వినపడకపోయినా నాది మెచ్చుకుంటాడులే అనుకున్నావు.” నవ్వాడు. “పోనీ ఇప్పుడెళ్లి చెప్పు. మాస్టారున్నాడు, నా పెళ్లాముంది. అందరి ముందూ చెప్పు, మా నాన్నకి చెవుడు అని. చెప్పగలవా?”

చిట్టి అతను బోర్లించిన గ్లాసు తీసి కడిగింది.

“చెప్పలేవు. నాకు తెలుసు,” అన్నాడు బాబు. “నువ్వు మంచిదానివి.”

ఆ ఆఖరి మాట ఒక్కటీ అనకుండా ఉంటే ఆ రోజు అక్కడితో అయిపోయేదేమో.

చిట్టి చెయ్యి తుడుచుకుని హాల్లోకి వచ్చింది. ఎవరినీ చూడకుండా నేరుగా దుప్పటి వెనక్కి వెళ్లింది.

“మాస్టారూ, ఒకసారి నాకివ్వండి.”

“ఏంటి, మళ్లీ ఎందుకు?” అన్నాడు మేస్త్రి.

“ఒక్కసారి విను నాన్నా. దీని తర్వాత ఇంక అడగను,” అంది గట్టిగా.

ఆమె తన గిటారుని ఒళ్లోకి తీసుకుంది. అన్నిటికన్నా సన్నటి తీగ మీద, అయిదో మెట్టు దగ్గర, వేలు నొక్కకుండా ఊరికే ఆనించి మీటింది. అలా మీటితే మామూలు స్వరం రాదు. చిన్న గంట కొట్టినట్టు పలుకుతుంది. ఒకటి. రెండు. మూడు. గంట గంటకీ మధ్య తీగ పూర్తిగా అణిగే దాకా ఆగింది.

గదిలో అందరూ విన్నారు. మరదలు దుప్పటి వైపు తలెత్తింది. తల్లి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాబు కిటికీ వైపు తిరిగిపోయాడు.

నాలుగో గంట మోగి ఆరిపోయింది.

“ఏంటే ఆలస్యం?” అన్నాడు మేస్త్రి. “మొదలెట్టు.”

*

ఎదురుగా కూచున్నందుకు మేస్త్రికి మొహాలన్నీ కనపడ్డాయి. నేల చూడమన్న సంగతి అందరూ మర్చిపోయారు.

“మొదలెట్టలేదా?” అన్నాడు మళ్లీ. ఈసారి గొంతు తగ్గింది.

“ఏవండీ...” అంది తల్లి.

“నువ్వుండు.” లేచి దుప్పటిని ఒక్క లాగు లాగాడు. మేకు ఊడొచ్చింది. అవతల కూతురి వేలు ఇంకా తీగ మీదే ఉంది. మాస్టారు చెప్పులు చూసుకుంటున్నాడు.

“ఎన్నిసార్లు వాయించావు?”

“నాలుగు.”

“ఎప్పటి నుంచి?”

“నాన్నా, పోనీలే...”

“ఎప్పటి నుంచి తెలుసు అని అడుగుతున్నా!”

“రెండేళ్లు,” అంది చిట్టి.

మేస్త్రి పెద్దగా నవ్వాడు. “రెండేళ్లు! రెండేళ్లుగా నాకు వినపడకపోతే ఈ మాస్టారి గిటారుని ఎవరు పలికించారే? ఏ ఊరెళ్లినా దీని గొంతే మాట్లాడుకుంటారు. అది చేసింది నేను కాదూ? లోపల నా సంతకం లేదూ?”

ఆ షెడ్డులో ఒక పద్ధతుంది. బద్దలు చెక్కడం పూర్తయ్యాక పలకని తట్టి, ‘అయింది’ అని, మేస్త్రి లోపలివైపు పెన్సిలుతో సంతకం పెడతాడు. మర్నాడు పలకని డబ్బాకి అతికించేస్తారు. తర్వాత ఆ సంతకం ఎవరికీ కనపడదు. గుండ్రటి రంధ్రంలోంచి చిన్న అద్దం దూర్చి చూస్తే తప్ప.

మేస్త్రి అద్దం తెచ్చాడు. మాస్టారి గిటారుని ఒళ్లో పెట్టుకుని, తీగలు వదులు చేసి, టార్చి వేసి లోపలికి చూశాడు.

“అంత పని వద్దు మేస్త్రిగారూ,” అన్నాడు మాస్టారు. “నాకు నా గిటారు బాగుంది, అంతే చాలు.”

మేస్త్రి చెవులు పోయాయిగానీ కళ్లకేం తక్కువ లేదు. అద్దంలో తన సంతకం కనపడింది. ఆఖరి అక్షరం తోక లేదు. ఎవరో దాని మీదుగా బద్దని చెక్కారు, పెన్సిలు గీతతో సహా పొర లేచిపోయింది. సంతకం పెట్టాక పడ్డ కోత అది. పక్క బద్ద మీదా అలాంటిదే. ఆ పక్కదాని మీదా. కోతలన్నీ ఒక్క వైపుకే వాలి ఉన్నాయి. కుడిచేత్తో చెక్కితే అలా వాలవు.

చాలాసేపు చూశాడు. టార్చి ఆర్పాడు.

“ఎప్పుడు చెక్కావు?”

“మధ్యాహ్నం నువ్వు పడుకున్నప్పుడు.”

“ఇదొక్కటేనా?”

చిట్టి తల్లి వైపు చూసింది. తల్లి చూపు తిప్పుకుంది.

“అన్నీ,” అంది చిట్టి. “నువ్వు అయిందన్న ప్రతిదానికీ ఇంకాస్త మిగిలుండేది నాన్నా. కొంచెమే. నీ పేరు పాడవకూడదని...”

“నా పేరు.” మేస్త్రి అద్దాన్ని జేబులో పెట్టుకున్నాడు. “నాకు చెప్పి ఉంటే మానేసేవాణ్ని. మర్యాదగా ఉలి కింద పెట్టేసేవాణ్ని. రెండేళ్లు ఊళ్లోవాళ్లు నన్ను పొగుడుతుంటే పక్కన నిలబడి వింటూ ఉన్నావు. లోపల ఎంత నవ్వుకున్నావే?”

“నేనెప్పుడూ నవ్వలేదు.”

“నవ్వి ఉంటే బాగుండేది. జాలిపడ్డావు.”

మాస్టారు గిటారు తీసుకుని, తీగలు వదులుగా వేలాడుతుండగానే, వస్తానని కూడా చెప్పకుండా వెళ్లిపోయాడు. వీధి మలుపు దాకా ఆ తీగలు పెట్టెకి తగులుతూనే ఉన్నాయి. అది కూడా మేస్త్రికి వినపడలేదు.

*

అందరూ షెడ్డులోకి వచ్చారు. మేస్త్రి నడుస్తుంటే వెనకే రాకుండా ఉండే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

తాళాల గుత్తి నడుము నుంచి తీసి బాబు చేతిలో పెట్టాడు.

బాబే తడబడ్డాడు. “నాన్నా, నిజానికి... నాది...”

“నీది డబ్బా. తెలిసింది. మీ అక్క నాలుగు గంటలు కొట్టి తెలియజేసింది.” కూతురి వైపు తిరగలేదు. “నువ్వు మోసం చేశావురా. అయినా నా ఎదురుగా చేశావు. అది నేను పడుకున్నప్పుడు చేసింది.”

“మావయ్యగారూ, వదినకి కూడా ఏదో ఒక పని...” అంది మరదలు. “లెక్కలు రాసుకుంటుంది. లేదా పాలిష్ పెడుతుంది. నాకు మాత్రం పనిమనిషిలా చూడాలని లేదు.”

“నువ్వు చూడనక్కర్లేదమ్మాయ్, నేను కనపడను,” అంది చిట్టి.

గోడకి జరిపిన తన బల్ల దగ్గరకి వెళ్లింది. నడుముకి కట్టుకునే గోనెగుడ్డ మడత పెట్టింది. బద్దలు చెక్కే చాకుని ఆ మడతలో పెట్టుకుంది.

“చాకు అక్కడ పెట్టు,” అన్నాడు మేస్త్రి.

“ఇది నాది నాన్నా.”

“షెడ్డుది.”

“ఎడమచేతి వాటానికి సానపట్టిన చాకు. ఇంకెవరి చేతికీ పనికిరాదు.”

“పనికిరాకపోతే తుప్పు పడుతుంది. పెట్టు.”

తల్లి ఊరుకోలేకపోయింది. “ఇన్నేళ్లు చాకిరీ చేసిన పిల్లకి ఒక్క చాకు ఇస్తే అరిగిపోతారా?”

“వినపడలేదు,” అన్నాడు మేస్త్రి, ఆమె కళ్లలోకి చూస్తూ. “నాకు చెవుడు కదా.”

చిట్టి చాకుని బల్ల మీద పెట్టింది. పిడి తన చేతి ఆకారానికే అరిగి ఉంది. ఖాళీ గోనెగుడ్డ చంకలో పెట్టుకుని గుమ్మం దాకా వచ్చింది.

వెనక టక్ మని చప్పుడైంది.

మేస్త్రి ముక్కాలి పీట మీద కూచుని మాస్టారి కొత్త పైపలకని చేతిలోకి తీసుకున్నాడు. ఎందుకు తీసుకున్నాడో ఆయనకే తెలిసుండదు. నలభై ఏళ్లుగా ఆ పీట మీద కూచుంటే చేతులు చేసే పని అదే. రెండు వేళ్లతో అంచు పట్టుకుని, చెవి దగ్గర పెట్టుకుని, బొటనవేలితో తట్టాడు. తల వంచి విన్నాడు. ఇంకోసారి తట్టాడు.

పలక ఖంగుమంది. చివర్లో ఈగ జుయ్యిమంది.

“అయిపోయింది నాన్నా. బాగా వచ్చింది,” అన్నాడు బాబు, తాళాలు జేబులో వేసుకుంటూ. అతను పలక వైపు కాదు, తండ్రి మొహం వైపు చూస్తున్నాడు.

“నిన్నడగలేదు.”

మేస్త్రి తల తిప్పలేదు. గుమ్మానికి వీపు పెట్టే కూచుని, పలకని కొంచెం పైకెత్తి, మూడోసారి తట్టాడు.

“ఎలా ఉంది?”

పేరు పెట్టి పిలవలేదు. అవసరం లేకపోయింది.

చిట్టి గుమ్మంలో ఆగింది. ఇరవై నాలుగేళ్లలో ఆ ప్రశ్నకి ఆమె ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు. నిజం చెప్పలేని చోట, ఆయన పడుకునే దాకా ఆగి, చాకు తీసుకునేది. ఇప్పుడు చాకు బల్ల మీదుంది.

తల్లి చిట్టినే చూస్తోంది. పొద్దున ఆ చప్పుడేంటని అడిగిన మనిషికి ఇప్పుడు అదేంటో ఎవరూ చెప్పక్కర్లేదు. ఒక్క మాట అంటే సరిపోయేది, తల్లయినా, కూతురైనా.

“బాగుంది నాన్నా,” అంది చిట్టి. ఆయనకి వినపడేలా, లావు గొంతుతో, ఒక్కో అక్షరం విడదీసి.

“ఇంకేమన్నా తీయాలా?”

“అక్కర్లేదు. అయింది. సంతకం పెట్టు.”

మేస్త్రి చెవి మీది పెన్సిలు తీసి, పలకని మోకాళ్ల మీద బోర్లించుకుని, తోకతో సహా నిండుగా సంతకం పెట్టాడు. పెన్సిలు ఒత్తుకి చెక్క అదిరి, అతుక్కోని బద్ద కొస కింద ఈగ మళ్లీ ఒకసారి జుయ్యిమంది.

ఆ చప్పుడేంటో తెలిసిన తల్లీ కూతురూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.